మా ఆయన పైనున్నారు

ఆ రోజుల్లో మాకు చేతకాని పనంటూ ఉండేది కాదు. అంటే అన్నీ వచ్చని కాదు, ఏవీ రావన్న సంగతి ఇంకా తెలియదని. లైబ్రరీలో బొమ్మలున్న పుస్తకం ఒకటి దొరికితే చాలు, కుళాయి బిగించడం దగ్గర్నుంచి ఇంటి కప్పు వేయడం దాకా మనమే చేసేసుకోవచ్చని మా ఆయన నమ్మకం. ఆయన్ని నమ్మడం నా నమ్మకం. (కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఇలాంటి జబ్బులుంటాయి. కాలక్రమాన వాటంతటవే నయమవుతాయి.)

ఎనభైల మొదట్లో మేం మిషిగన్‌లో ఉండేవాళ్ళం. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. తెలిసినవాళ్ళంతా ట్రాయ్‌లోనో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనో అచ్చుగుద్దినట్టుండే ఇళ్ళు కొనుక్కుంటుంటే, ఈయన ఓ ఆదివారం ఆపిల్ తోటలు చూపిస్తానని డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళి, ఎప్పుడో మూతబడిన బుల్లి చెక్క చర్చి ముందు కారాపారు. "ఎత్తు చూశావా, ఎత్తు!" అన్నారు లోపల నిలబడి మెడ వెనక్కి వాల్చి. "గుడి లాంటి ఇల్లంటారు గానీ, గుడినే ఇల్లు చేసుకుంటారుటండీ ఎవరైనా?" అన్నాను. అన్నానే గానీ, రంగుటద్దాల కిటికీలోంచి వెలుగు నా చీర కుచ్చిళ్ళ మీద ఎర్రగా, నీలంగా పడుతుంటే నాకూ మతిపోయింది. కొనేశాం.

పాదిరిగారు నిలబడే అరుగు మీద వంటిల్లు పెడదామన్నారు మా ఆయన. ఈ సంగతి ఫోన్‌లో విన్న ట్రాయ్ అక్కయ్య (అక్కయ్య కాదు, ఊళ్ళో అందరికన్నా ముందొచ్చిన ఆవిడ కాబట్టి అందరికీ అక్కయ్యే) గుండె బాదుకుంది. "ప్రార్థనలు చేసిన చోట ఉల్లిపాయలు తరుగుతావుటే? కళ్ళు పోతాయి!" ఆ మాట ఆయనకి చేరవేస్తే, "ఉల్లిపాయలు ఎక్కడ తరిగినా కళ్ళకి ఇబ్బందేనని చెప్పు" అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చేశారు.

నా బెంగ అది కాదు. రోడ్డుకి అవతల ఆపిల్ తోటలో ఒక పెద్దావిడ ఉండేది. పేరు తెలియదు కాబట్టి ఆపిల్ మామ్మ అనుకునేదాన్ని. చెయ్యి ఊపితే కర్టెన్ లాగేసేది. ఈయన ఆఫీస్‌కి వెళ్ళాక చుట్టుపక్కల కనబడే మనిషి ఆవిడొక్కర్తే. "వాళ్ళ దేవుణ్ణి మనం ఖాళీ చేయించామనుకుంటోందేమోనండీ" అంటే, "వారం వారం శుభ్రంగా ఊడుస్తున్నామని దేవుడికి తెలుసులే" అనేవారు. దేవుడికి తెలిసి నాకేం లాభం? మామ్మకి తెలియాలిగా. చలికాలం ముంచుకొస్తోంది, కప్పులోంచి ఆకాశం కనిపిస్తోంది, పలకరించే దిక్కు లేదు. వెనక్కి అపార్ట్‌మెంట్‌కి పోదామని అడగడానికి మాటలు కూడా కూర్చుకుంటున్నాను.

అలాంటి ఒక శనివారం నేను చీర ఎగదోపి, తలకి తువ్వాలు చుట్టుకుని, టేప్ రికార్డర్ గట్టిగా పెట్టుకుని గోడకి రంగు వేస్తున్నాను. పై వరస అందలేదు. చూస్తే గుమ్మం దగ్గర నిచ్చెన ఖాళీగా ఉంది. మేకులు తెస్తానన్న మనిషి అలవాటు ప్రకారం దారికి అడ్డంగా వదిలేసి వెళ్ళారనుకుని, ఇవతలికి ఈడ్చుకొచ్చేశాను. ఆ నిచ్చెన మీంచే ఆయన గుమ్మం పైనున్న గంట గోపురంలోకి ఎక్కారని నాకేం తెలుసు? గంట ఊడదీయడానికి ఎక్కుతానంటే నేను వద్దన్నానుగా, అందుకని చెప్పకుండా ఎక్కారు. పైనుంచి ఎంత అరిచినా నా పాటల హోరులో వినబడలేదు. చివరికి దిక్కుతోచక గంట కొట్టారు.

ఎన్నాళ్ళుగానో మూగగా ఉన్న గంట! ఇల్లంతా దద్దరిల్లింది. నేను కుంచెతో సహా వీధిలోకి పరిగెత్తేసరికి గోపురం చెక్కల సందులోంచి ఆయన చెయ్యొకటి ఆడుతోంది. తోట దారిలో రెండు ట్రక్కులు ఆగాయి. ఆపిల్ మామ్మ టోపీ పెట్టుకుని, గౌను ఎత్తిపట్టుకుని రోడ్డు దాటి వస్తోంది. "ఏమైంది? ప్రార్థన ఉందా? మీ ఆయనేడీ?" అంది ఆయాసపడుతూ. కంగారులో నాకున్న ఇంగ్లీషు కాస్తా ఎగిరిపోయింది. కళ్ళనిండా నీళ్ళతో వేలు పైకి చూపించి, "మై హస్బెండ్... హీ ఈజ్ అప్ దేర్" అన్నాను.

మామ్మ టోపీ తీసేసింది. ట్రక్కుల్లోంచి దిగినవాళ్ళూ తీసేశారు. "ఓ, హనీ!" అంటూ ఆవిడ నన్ను గట్టిగా గుండెకి హత్తుకుంది. నా కుంచెలోని రంగంతా ఆవిడ గౌనుకి అంటుకుంది. "ఎప్పుడు జరిగింది తల్లీ?" అని అడిగింది మెల్లగా. గంట మోతకి చెవులు గింగిర్లెత్తి అప్పటిదాకా కిక్కురుమనని మా ఆయన సరిగ్గా అప్పుడే పైనుంచి, "ఏమోయ్! నిచ్చెన ఎక్కడ తగలేశావ్?" అని కేకేశారు.

మామ్మ ఉలిక్కిపడి ఆకాశంలోకి చూసింది. తర్వాత గోపురం వైపు చూసింది. తర్వాత నన్ను చూసి, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అంత నవ్వు ఆవిడలో ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆయన్ని దింపాక అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి నిమ్మకాయ పులిహోర, కాఫీ ఇచ్చాను. "నా పెళ్ళినాడు మోగింది ఆ గంటే. మీరొచ్చిన రోజు నుంచీ కిటికీలోంచి చూడలేక కర్టెన్ వేసుకుంటున్నాను, ఎప్పుడు దించేస్తారోనని" అంది మామ్మ. చేతిలో ఇంకా రెంచి పట్టుకునే ఉన్న మా ఆయన గొంతు సవరించుకుని, "దించడమా? ఛఛ, దుమ్ము దులుపుదామని ఎక్కాను" అన్నారు. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. మరుసటి వారం ట్రక్కులవాళ్ళు పనిముట్లతో వచ్చి, మంచు పడేలోగా కప్పు వేసి పెట్టారు. మా ఆయన కింద నిలబడి పుస్తకం చదివి వినిపించారు. ఎవరూ వినలేదు.

పిల్లలు పుట్టి, వాళ్ళకి స్కూలు దగ్గరవ్వాలని మేమూ చివరికి ఫార్మింగ్టన్ హిల్స్‌లో అచ్చుగుద్దిన ఇల్లే కొనుక్కున్నాం. ఇప్పుడు బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాం. అప్పుడప్పుడూ అనుకుంటాను, తువ్వాలు చుట్టుకున్న ఆ పిల్ల ఇవాళ తలుపు తట్టి, "ఏమాంటీ, పాత చర్చి కొందామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగితే ఏం చెప్పాలని. పెద్దదాన్ని కదా, వద్దమ్మా అనే చెబుతాను. నా మాట వినేస్తుందేమోనని మాత్రం కొంచెం భయం.