విశ్వకర్మ పూజనాడు ఈకలు ఊడదీసిన వైనం

ఆ రోజుల్లో ఏ పనికైనా ముందు ఒక పద్ధతి ఉండాలని నాకు గట్టి నమ్మకం. పని జరిగిందా లేదా అన్నది తరవాతి సంగతి. కార్ఖానాలో అప్రెంటిస్‌గా కొత్తగా చేరాను. అక్కడ ముందు పరిశీలన, తరవాత ప్రణాళిక, ఆ తరవాతే పానా పట్టుకోవడం. ఆ క్రమాన్ని టాటానగర్‌లోని మా రైల్వే క్వార్టరుకి కూడా మోసుకొచ్చాను. అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన నిలబడి సలహాలిచ్చేవాణ్ణి (ఎలా భరించిందో ఇప్పటికీ తెలీదు).

మా చెల్లి విల్లు పట్టిందంటే గురి తప్పేది కాదు. వెదురు విల్లు, వెదురు బాణాలు. జిల్లా జట్టుకి ఎంపిక పోటీ దగ్గరపడేసరికి ఆమె బాణాల ఈకలు ఎలకలు కొరికినట్టు తయారయ్యాయి. పాతవి తీసి కొత్తవి అంటించాలి. ఆ తీయడంలోనే ఉంది చిక్కంతా. కత్తి కాస్త లోతుగా దిగితే వెదురు పీచు లేస్తుంది, పీచు లేచిన బాణం నేరుగా పోదు. వేరేవాళ్ళవి అడిగి తెచ్చుకుందామంటే ఆమె చేతికి పొడవు కుదరవు. "నాకివ్వు, నేను చూసుకుంటా" అన్నాను. "పక్కా, భయ్యా?" అంది. "పక్కా" అన్నాను. ఇక రోజూ డ్యూటీ నుంచి రాగానే కత్తిని ఎలా పట్టాలి, బాణాన్ని ఎలా ఆన్చాలి అని డైరీలో బొమ్మలు గీశాను. బొమ్మలు చాలా బాగా వచ్చాయి. పోటీ రేపనగా కత్తి కోసం లేచాను. చూస్తే ఆ రోజు విశ్వకర్మ పూజ.

మా ఊళ్ళో ఆ రోజు పనిముట్లకి పండగ. వాటికి బొట్లు పెట్టి దండలు వేస్తారు, తాకరు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో ఉన్న కత్తులు, బ్లేళ్ళు, ఆకురాళ్ళు అన్నిటినీ పీట మీద పేర్చి పసుపు కుంకుమలు పెట్టేశాడు. అమ్మ తన కత్తిపీట, అట్లకాడ కూడా పట్టుకొచ్చి పక్కన పెట్టి, "మీవాటికేనా సెలవు? నావి ఏటి పాపం సేసేయి?" అంది (కాబట్టి ఆ పూట మా భోజనం కాలనీ పందిట్లో ఖిచిడీ).

"నాన్నా, ఒక్క బ్లేడు..."

"ఏట్రా, పూజలో ఎట్టిన బ్లేడే? ముట్టేవంటే సెయ్యి ఇరిసేత్తాను. రేపు తెల్లారినాక తీసుకో."

"రేపు తెల్లారితే చెల్లికి పోటీ నాన్నా."

"మరిన్నాళ్ళూ ఏటి సేసేవు?"

బొమ్మలు గీశానని ఎలా చెప్పను?

ఈకల్ని అంటించింది వడ్రంగులు వాడే సరేసు జిగురుతో. అది వేడికి మెత్తబడుతుందని విన్నాను. అదృష్టవశాత్తు టీ గిన్నె పూజలో లేదు. నీళ్ళు మరిగించి పొడుగాటి చెంబులో పోసి, బాణాలను మొనలు కిందికి ఉండేలా నిలబెట్టాను. ఆవిరి పైకి లేచి ఈకలకి తగలాలని నా ఏర్పాటు. ఈకలు కదల్లేదు. చెల్లి ఒక బాణం పైకి లాగింది. వెదురు వచ్చింది కానీ మొన రాలేదు. ఇంకొకటి లాగింది. అదీ అంతే. చెంబు ఊపితే అడుగున గలగలలు. మొనలను లక్కతో అంటిస్తారనీ, ఆ లక్క వేణ్ణీళ్ళకి కరుగుతుందనీ నా ప్రణాళికలో లేదు.

"ఓలమ్మో! బాణాలతో చారెట్టేవేట్రా బాబూ!" అంది అమ్మ.

చెల్లి నవ్వలేదు. "అబ్ క్యా కరూఁ భయ్యా? రేపు ఏ బాణాలెయ్యను?" అంది.

ముక్కు ఎగబీల్చి తనే లేచింది. పాత చీర పేలికను వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, ఒక్కో బాణానికి ఈకల దగ్గర చుట్టింది. తరవాత పెరట్లోకి వెళ్ళి, పళ్ళు తోముకున్నాక నాలిక గీసుకోవడానికి చీల్చి ఉంచిన వేపబద్ద తెచ్చింది. నాన్న అడ్డొచ్చాడు. "ఆగు. అదేటి?"

"నాలిక బద్ద నాన్నా. ఇది పనిముట్టా?"

నాన్న బద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇనపది కాదు. షెడ్డులో ఎవుడూ వాడడు. కానియ్" అని తీర్పు చెప్పాడు.

ఆమె బద్దను వెదురు మీద పడుకోబెట్టి, పీచు వాలుగా మెల్లగా నెట్టుకుంటూ పోయింది. నానిన ఈక అరటితొక్కలా ఊడొచ్చింది. మొద్దు బద్ద కనక వెదురుకి గీత కూడా పడలేదు. మిగిలిన జిగురును తడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టి, కొత్త ఈకలు అంటించింది. కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించి నాన్న మొనలు అంటించాడు. బతిమాలితే నాకూ ఒకటి ఇచ్చారు.

మర్నాడు బాణాలు గీత గీసినట్టు వెళ్ళాయి. నేను అంటించిన మొన మాత్రం లక్ష్యంలోనే ఉండిపోయి, చెల్లి చేతికి ఒట్టి వెదురు వచ్చింది. తీర్పరి ఆ కన్నంలోకి తొంగి చూసి, నవ్వి, తగిలినట్టే రాసుకున్నాడు. చెల్లి జట్టులోకి వెళ్ళింది. తిరిగొచ్చే బస్సులో నా భుజం మీద తల వాల్చి, "ఇకమీదట నువ్వు సిర్ఫ్ పట్టుకో భయ్యా, పట్టుకుంటే చాలు. ఆలోచించకు" అంది.

ఇప్పుడు రిటైరై అదే ఊళ్ళో బిర్సానగర్‌లో ఉంటున్నాను. ఇంట్లో ఎవరైనా బల్బు మార్చడానికి ఎక్కితే వెళ్ళి కుర్చీ పట్టుకుంటాను. కుర్చీ ఇంకాస్త ఇటు జరపాలని నాలిక చివరిదాకా వస్తుంది. పైకి అనను. నేను రిటైరయ్యాను గానీ, లోపలున్న ఆ అప్రెంటిస్ కుర్రాడు ఇంకా డ్యూటీ దిగలేదు.