సమ్మె రోజుల్లో వెన్నుసూది

ఆపరేషన్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "సూది వేయకండి. పొద్దున కూడా ఆ మాత్ర వేసుకున్నాడు" అన్నాను.

బల్ల మీద మా బావ బోర్లా పడుకుని ఉన్నాడు. పొట్ట కింద దిండు, నడుము మీద ఆకుపచ్చ గుడ్డ, దాని కంతలోంచి మందు పూసిన చర్మం. డాక్టరు చేతిలోని సూదిని పళ్లెంలో పెట్టి నా వైపు చూశాడు. బావ తల ఎత్తలేదు.

బావ అంటే మా అక్క భర్త, సిటీ బస్సు డ్రైవరు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేవాడు. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చుని కూర్చుని వెన్నులో ఒక డిస్కు పక్కకు జరిగింది. ఎడమ పిర్ర నుంచి మడమ దాకా గుంజే నొప్పి, పైగా తిమ్మిరి. డిపోలో చెబితే వైద్య పరీక్షకు పంపుతారు. అందులో తప్పితే స్టీరింగు పోతుంది. అందుకే చెప్పలేదు.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపో గేటు దాటలేదు. సెలవు అడగకుండా, కారణం చెప్పకుండా వైద్యం చేయించుకునే రోజులు దొరికాయి. అవి ఎన్నాళ్లుంటాయో ఎవరికీ తెలియదు. ఎల్బీనగర్ చౌరస్తాలోని శిబిరంలో బావ పొద్దంతా నిలబడే ఉండేవాడు. పక్కవాళ్లు అది పట్టుదల అనుకునేవారు. కూర్చోలేకపోతున్నాడని, పేపరుకు వార్తలు రాయడానికి రోజూ అక్కడికి వెళ్లే నాకు తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయనది కోస్తా. బావ ఊరుకోలేదు.

"సార్, మీ ఆంధ్ర సూది మా తెలంగాణ నడుముకు పడ్తదా?"

"రాష్ట్రం వేరైనా ఎముకలు అవేనండీ. ముందు సూది వేయించుకోండి, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం."

ఆయన కాగితం మీద పెన్నుతో గీసి చెప్పాడు. ముందు చర్మానికి మత్తు. తర్వాత ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సన్నటి సూదిని నరం దాకా తీసుకెళతారు. అక్కడ రంగుమందు కొంచెం వదిలి అది ఎటు పాకుతోందో చూస్తారు. సరైన చోట ఉందనుకుంటేనే వాపు తగ్గించే స్టెరాయిడ్. డిస్కు దీనితో వెనక్కి పోదు. ఉపశమనం కొందరికి నెలలు, కొందరికి వారాలు, కొందరికి అసలు ఉండదు. తలనొప్పి రావచ్చు, షుగర్ పెరగవచ్చు, అరుదుగా చీము పట్టవచ్చు. అన్నిటికన్నా ఆయన భయం రక్తం గురించి. వెన్ను లోపల చోటు ఇరుకు. అక్కడ రక్తం కారి గడ్డకడితే నరాలను నొక్కేస్తుంది, కాళ్లు పడిపోవచ్చు.

బావకు గుండెలో స్టెంటు వేసి ఇంకా ఏడాది నిండలేదు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాడు. డాక్టరు దాని పేరు కాగితం మీద రాసి కింద గీత గీశాడు. "ఇది వారం ఆపాలి. నా మాట మీద మాత్రం ఆపకండి, గుండె డాక్టరుతో రాయించుకు రండి."

రెండోసారి వెళ్లినప్పుడు ఆ చీటీ లేదు. "ఫోన్ల అడిగిన సార్, ఆపుమన్నడు. బస్సులు లెవ్వు గద, ఎట్ల పోవాలె?" అన్నాడు బావ. ఊరంతా ఆ మాటే అంటున్న రోజులు. డాక్టరు నమ్మాడు, నేనూ నమ్మాను.

సూది రోజున నర్సు బావ చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టింది. జేబులోంచి మాత్రల అట్ట జారి పడింది. పొద్దున శిబిరంలో చాయ్‌తో ఒక మాత్ర మింగుతుంటే ఏందని అడిగాను. "గ్యాస్ గోలి" అన్నాడు. అట్ట మీది పేరు, డాక్టరు గీత గీసిన పేరు ఒకటే. వరండాలో కిటికీ దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. కింద రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. చెబితే ఆయనకు దొరికిన రోజులు పోతాయి. లోపల యంత్రం బీప్‌మంది. తలుపు తోశాను.

"ఏంటండీ ఇది? మానేశానన్నారుగా?" అన్నాడు డాక్టరు.

"గుండె డాక్టరు ఆపొద్దన్నడు సార్. ఆపితె పాణం వోతదట. ఆపకుంటె మీరు సూది ఎయ్యరు. మరి నేనెటు పోవాలె?"

డాక్టరు చేతి తొడుగులు విప్పేశాడు. "ఇవాళ మాత్రం ఇంటికే వెళ్లండి."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బావ నాతో అన్నాడు. "పేపర్ల రాసుడు సాలలేదా బామ్మర్ది? ఈడ గూడ వార్త జెప్పినవ్."

కొన్నాళ్లకు సమ్మె ఆగింది. బావ డ్యూటీ ఎక్కాడు. స్టెంటుకు ఏడాది నిండాక, మాత్ర వారం ఆపవచ్చని గుండె డాక్టరు రాసిచ్చాడు. కానీ ఇప్పుడు సమ్మె లేదు; సూదికి సెలవు అడగాలి, కారణం చెప్పాలి. బావ అడగలేదు. ఆ తిమ్మిరి కాలితోనే క్లచ్ తొక్కుతున్నాడు, డిపోలో చెప్పమంటావా అని అక్క నన్ను ఒకసారి అడిగింది. ఆలోచిద్దామన్నాను. రిటైరయ్యేదాకా ఆయన బస్సు నడిపాడు. సూది వేయించుకోనేలేదు. ఎడమ మడమలో తిమ్మిరి ఇప్పటికీ ఉంది.