ఊపిరి బిగబట్టని పిన్ని

ఫ్యాక్టరీలో ఆ పరీక్షల బల్ల ముందు కూర్చునే ఆడవాళ్ళందరికీ ఆవిడ పిన్నే. ఆయాసంతో ఛాతీలో ఈల మోగుతుంది కాబట్టి, చాటున మాత్రం పిల్లికూతల పిన్ని. ఎదురుగా అన్నా ఉడుక్కునే మనిషి కాదు. "పిల్లి కూస్తోందంటే నేను బతికున్నట్టే కదే" అనేది.

వాళ్ళు పరీక్షించేది నువ్వుగింజంత సెన్సర్‌ని. రోగులు మంచం పక్కన పెట్టుకునే ఊపిరి యంత్రాల్లోకి వెళ్తుంది అది. దాని మధ్యలో వెంట్రుకకన్నా సన్నటి తీగ కాస్త వెచ్చగా ఉంటుంది. గాలి ఎటు కదిలితే వేడి అటు జరుగుతుంది. ఆ తేడాని బట్టి గాలి ఎంత పోతోందో చెప్పేస్తుంది. చేతిగడియారం బ్యాటరీతో నెలల తరబడి నెట్టుకొచ్చే పీనాసి! అయితే ముందు దానికి కదలని గాలిలో సున్నా నేర్పాలి. అందుకు బల్ల మీద ఒక మీట ఉంటుంది, అది నొక్కేటప్పుడు బల్ల ముందున్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది అదే.

ఒకప్పుడు ఈ బాధ లేదు, గాజు మూతలు ఉండేవి. మూత బోర్లించి, లోపలి గాలి కుదురుకునేదాకా ఆగి, అప్పుడు నొక్కేవాళ్ళు. ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్ వాటిని బీరువాలోకి తోసేశాడు. మూతల పని మనుషుల ముక్కుల మీద పడింది. ఇదెక్కడి న్యాయమని ఒక్కరైనా నోరెత్తితేనా! పిన్నీ ఎత్తలేదు, అప్పట్లో ఆవిడ ఛాతీ బాగానే ఉండేది.

ఈ చలికాలం ఊపిరి బిగబట్టబోతే చాలు, దగ్గు తెర. సున్నా చెదిరిపోయేది, మళ్ళీ మొదటికి వచ్చేది. సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని ఈ పని నేర్చుకున్నవాడే.

"పిన్నీ, రేపట్నించి ప్యాకింగ్‌కి వెళ్ళు. నీ ఊపిరి పనికి అడ్డొస్తోంది."

ప్యాకింగ్ గది నిండా అట్టల దుమ్ము. అక్కడికి పంపడమంటే ఇంటికి పంపడమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవి ఎవరి కోసం చేస్తున్నాం అబ్బాయ్? నాలాంటి ఆయాసం మనుషుల కోసమే కదా! మా ఊపిరి కొలిచేది చేస్తూ నా ఊపిరే అడ్డమంటావా? నోరెలా వచ్చింది నీకు?"

"నన్నేం చెయ్యమంటావు? పైవాళ్ళు ఊరుకోరు."

"ఊరుకోకపోనీ. నేను లేవను. ఎత్తుకెళ్తావా, ఎత్తుకెళ్ళు. బరువుంటాను, నడుం జాగ్రత్త."

అందరూ కిసుక్కుమన్నారు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పిన్ని ప్యాకింగ్ గది వైపు కన్నెత్తి చూడలేదు. సరాసరి బీరువా దగ్గరికెళ్ళి, ఒక గాజు మూత తీసి, దుమ్ము తుడిచి, తెచ్చి సెన్సర్ మీద బోర్లించింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"తియ్ పిన్నీ! పనంతా ఆలస్యమవుతుంది!"

"అవనీ."

లోపలి గాలి కుదురుకుంది. ఆవిడ మీట మీద వేలు పెట్టగానే, అలవాటుకొద్దీ అందరూ ఊపిరి బిగబట్టారు. సూపర్‌వైజరూ బిగబట్టాడు. పిన్ని మాత్రం ముందుకు వంగి, ఛాతీలోని పిల్లులన్నీ ఒక్కసారే కూసేలా, గాజు మసకబారేలా ఊపిరి వదిలి మీట నొక్కింది.

బల్ల మీది కంప్యూటర్ తెర మీద సున్నా పడింది. కదల్లేదు, మెదల్లేదు.

"ఇంక వదలండే, చస్తారు!" అంది పిన్ని.

పక్కావిడ లేచి బీరువా వైపు నడిచింది. ఆవిడ వెనకే ఇంకొకావిడ. సూపర్‌వైజర్ అరవబోయాడు. అరవాలంటే ముందు బిగబట్టిన ఊపిరి వదలాలి కదా, వదిలాడు. ఎంతకాలమైందో ఆ బల్ల దగ్గర అలా హాయిగా ఊపిరి తీసుకుని! అరవాల్సిన మాట కాస్తా మరిచిపోయి, పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చాడు.