చెరిసగం స్పానిష్

నాకు పెంచి చెప్పే జబ్బుందని ముందే ఒప్పుకుంటున్నాను. నన్ను చీమ కుడితే తేలంటాను, తేలే కుడితే నా పెద్దకర్మ ఏ రోజో కూడా చెప్పేస్తాను, కనక చదివేవాళ్లు కాస్త తగ్గించుకుని చదువుకోగలరు. మొన్న మా అమ్మాయి ఫోన్లో స్పానిష్ పాఠం పెట్టుకుని "అసేయ్తే, అసేయ్తే" అని వల్లిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అసేయ్తే అంటే నూనె. పాతికేళ్లుగా ఆ మాట మా ఇంట్లో వినబడలేదు.

అప్పట్లో మాచర్ల శివార్లలో నాపరాళ్లు కోసే చోట నేనూ, మా అక్క మొగుడూ మేస్త్రీలం. మా ఓనరు స్పెయిన్ నుంచి కొండంత మిషను తెప్పించాడు. దాంతోపాటు స్పానిష్ తప్ప మరో ముక్క రాని ఇంజనీరూ, ఒకే ఒక్క స్పానిష్ వాచకమూ దిగాయి. ఇంజనీరుకి నోటితో సంగతి చెప్పగలిగినవాడే మిషనుకి ఇన్‌ఛార్జి, రెండోవాడు ఇంటికే అని ఓనరు తేల్చేశాడు. బావకీ నాకూ అప్పటికే మా రెండిళ్ల మధ్య ప్రహరీగోడ జానెడు జరిగిందన్న తగువులో మాటల్లేవు. ఏం తిట్టుకున్నా మధ్యలో మా అక్క మీదుగానే.

"ఏమే, ఆ పుస్తకం మీ తమ్ముడి సొత్తా ఏంది?"

"అక్కా, మీ ఆయనకి తెలుగే సరిగ్గా రాదు, స్పానిష్ ఎందుకంట?"

చివరికి మా పెదనాన్న పొలం పంచినట్టు ఇద్దరినీ కూర్చోబెట్టి, "ఏందిరా మీ గోల, చెరిసగం తీసుకుని చావండి" అని పుస్తకాన్ని నడిమికి చించి, మిరపకాయల కాటాలో తూచి మరీ చీట్లేశాడు. ఉప్పూ, గొడుగూ, పైపూ, నూనే, వస్తువుల పేర్లన్నీ నా వాటాకి వచ్చాయి. జరిగిపోయినవి చెప్పే క్రియలన్నీ బావకి పోయాయి.

నేను ఇంట్లో ప్రతి వస్తువు మీదా, ఆఖరికి గేదె మీద కూడా, సుద్దముక్కతో స్పానిష్ పేరు రాశాను. బావ తన పాఠం నా మీదే వల్లించేవాడు. స్పానిష్‌లో ఒక్కసారి చేసినదానికొక భూతకాలం, అదేపనిగా చేస్తూ వచ్చినదానికి మరొకటి ఉన్నాయట. గోడవతలి నుంచి "మింతియో, మెంతీయా" అని రాగం తీసి, "ఏమే, మీ తమ్ముడు అబద్ధమాడాడు, చానా కాలం ఆడతానే ఉండేవాడు" అని అర్థం విప్పేవాడు. నా సగంలో తిట్లు లేవు. అందుకని "పరాగ్వాస్! కుచారా!" అని గొంతు చించుకునేవాణ్ణి, గొడుగు, చెంచా అని.

ఒకనాడు మిషను ఆగిపోయింది. ఏమైందని ఇంజనీరు అడిగాడు. వేలు చూపిస్తే ఒప్పుకోనని ఓనరు ఆంక్ష. బావ "సే రోంపియో", పగిలింది, అని ఆగిపోయాడు. పగిలినదాని పేరు నా సగంలో ఉంది. ఏడాదిలో మొదటిసారి నా మొహంలోకి చూశాడు. నేను "తూబో, అసేయ్తే" అని నూనె పైపు పేరు అందించాను. రెండు సగాలూ కలిసి ఒక మాటయింది, ఓనరు ఇద్దర్నీ ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఫోన్లో అందరికీ నిండు పుస్తకమే. చించేవాడూ లేడు, పక్కవాడి సగం కోసం ఎదురుచూసేవాడూ లేడు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. గేదె నిజం, కాటా నిజం. నేను మాట అందించాననడమే అబద్ధం. బావ చూస్తున్నంతసేపూ నోరు మూసుకున్నాను. ఓనరు విసుక్కుని నావైపు తిరిగాక, బావ అన్న క్రియకే నా సగంలోని పైపు పేరు తగిలించి మొత్తం నాదే అన్నట్టు అప్పజెప్పాను. బావ ఆ వారమే పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోయాడు. ఇద్దర్నీ ఉంచుకోవడమూ లేదు, ఏమీ లేదు.

అమ్మాయి పాఠం నిన్న భూతకాలాల దాకా వచ్చింది. "మింతియో అంటే ఏంది నాన్నా?" అని అడిగింది.

అది నా సగంలో లేదమ్మా అన్నాను.