భాయ్ దగ్గరున్న బ్యాకప్

ఆత్మకూరు, ఉదయగిరి బజార్లలో కొన్ని దుకాణాలకు లెక్కలు చూసిపెట్టడం నా పని. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. అడిగేవాళ్లు పెరిగేకొద్దీ నాకే పట్టుబడింది. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, స్పూన్లు చేయించి బయటి ఊళ్లకు పంపే ఒక భాయ్ దగ్గరికి నెలకోసారి బస్సులో వెళ్లేవాణ్ణి. ఆయన ఆర్డర్లన్నీ ఈమెయిల్లోనే వచ్చేవి. మెయిల్ కంప్యూటర్లోకి దిగగానే సర్వర్‌లో చెరిగిపోయేట్టు ఎవరో అమర్చిపెట్టారు. ఇన్నేళ్ల మెయిళ్లూ ఒకే ఫైలులో ఉన్నాయి. వెళ్లగానే నేను ముందు చూసేది ఆ ఫైలు సైజు. అది ఒక్క నెల కూడా తగ్గలేదు.

"భాయ్, బ్యాకప్ ఉండాదా?" అని అడిగేవాణ్ణి.

"ఉండాదన్నా. మొన్ననే కొత్తది పెట్టించినా."

"పనిచేస్తా ఉండాదో లేదో చూసుకున్నావా?"

"ఏందన్నా, నీకన్నీ అనుమానాలే. బ్రహ్మాండంగా చేస్తా ఉండాది."

ఆ బజారులో ఇంత జాగ్రత్త గల మనిషి ఇంకొకడు లేడని సంతోషించేవాణ్ణి.

ఒక ఎండాకాలం బెంగుళూరు షాపువాళ్లు ఫోన్ చేశారు. గరిటెల కాడలు పొడవెక్కువయ్యాయి, సరుకంతా వెనక్కి పంపుతున్నాం అన్నారు. ఆ పొడవుకు మీరే మెయిల్లో ఒప్పుకున్నారని భాయ్ అన్నాడు. అయితే మెయిల్ చూపించమన్నారు. చూపిద్దామంటే మెయిల్ తెరుచుకోలేదు. ఫైలు పాడైందని తెర మీద పడింది. మర్నాడు పొద్దున్నే నేను బస్సు దిగాను.

"గాబరా ఎందుకు భాయ్, బ్యాకప్ తియ్యి."

ఆయన బల్ల కిందికి వంగి, ఇన్వర్టర్ బ్యాటరీ మీది గుడ్డ తీసి చూపించాడు. "ఇదిగో. కరెంటు పోయినా మధ్యాన్నందాకా లాగుతాది."

కరెంటు కోతలకు ఆ ఫైలు ఎన్నడూ పాడు కాలేదు. దుకాణం కట్టేసేటప్పుడు లైట్లు, ఫ్యాను, కంప్యూటర్ అన్నీ ఒక్క స్విచ్‌తో ఆర్పడం భాయ్ అలవాటు. మెయిల్ తెరిచే ఉండేది. అంత లావు ఫైలు, రాసుకుంటూ ఉండగా గొంతు నొక్కితే ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

పాడైన ఫైలును ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే రిపేరు మొదలుపెట్టాను. లోన్లు ఇస్తామన్న మెయిళ్లు, పండగ శుభాకాంక్షలు చెక్కుచెదరకుండా వచ్చాయి. బెంగుళూరువి మాత్రం పేర్లు వచ్చాయి, లోపల ఏమీ లేదు.

"ఈ శుభాకాంక్షలన్నీ పంపితే సరుకు ఉంచుకుంటారా అన్నా?" అన్నాడు భాయ్.

ఇక ఆ మెయిల్ ఉన్నది మాతో తగువుపడుతున్న వాళ్ల దగ్గరే. భాయ్ వాళ్లకు ఫోన్ చేసి, మా ఫైలు పోయింది, మీరు చెప్పిన కొలత ఏదో చూసుకుంటాం, పాత మెయిళ్లు దయచేసి పంపండి అని ఉర్దూలో ఎంతో వినయంగా అడిగాడు. అక్కడెవరో చదవకుండానే మొత్తం పంపేశారు. కాడ పొడవు, దాని కింద వాళ్ల 'ఓకే' రెండూ అందులో ఉన్నాయి. భాయ్ దాన్నే తిరిగి వాళ్లకు పంపాడు. సరుకు వెనక్కి రాలేదు.

నేను ఒక హార్డ్ డిస్కు తెచ్చి, ఏ ఏడాది మెయిళ్లు ఆ ఏడాది ఫైలులో పెట్టాను. మెయిల్ మూసేశాకే కాపీ తియ్యాలని, తీసిన కాపీని తెరిచి చూడాలని, ఒక కాపీ ఇంట్లో ఉంచాలని చెప్పాను. భాయ్ అంతా విన్నాడు.

"ఇంత తిప్పలెందుకన్నా? మన మెయిళ్లు పార్టీ దగ్గర భద్రంగానే ఉండాయి గదా."

"ఈ తడవ అడిగితే చదివి పంపుతారు భాయ్."

ఆయన డిస్కు కోసం చెయ్యి చాపాడు.