పట్నంల కోడె కట్టిన మా వదినె

పట్నంల కాన్సర్‌కు ఫ్రీగ ఆపరేషన్ జేస్తరు. మంచిదే. గని రొమ్ముల గడ్డ ఉన్నదో లేదో జూసేటోళ్లు మా ఊరికి ఎందుకు రారు? ఏండ్ల సంది అడుగుతున్న. దవాఖానల ఆఫీసుల ఏ ఒక్క సారూ జవాబియ్యలె. మొన్న బేస్తారం మా వదినె, మా అన్న భార్య, నిద్రలనే పోయింది. ఇగ గట్టిగనే అడుగుత.

కోరుట్ల పక్క ఊర్ల బీడీలు జేసి పిల్లల్ని సాదింది. సిరిసిల్లల ఉన్న ఆమె చెల్లె రొమ్ముల గడ్డను సిగ్గుకు దాసిపెట్టింది. దవాఖానకు పోయేటాళ్లకు చెయ్యి దాటింది. చెల్లె పోయినంక వదినె ఒక ఉపాయం పట్టింది. వేములవాడ రాజన్న గుడిల కోడెదూడను కట్టే మొక్కున్నది, గుడి కాడ ఒక రాత్రి నిద్ర జేసి వస్తమని చెప్పి వాడకట్టు ఆడోళ్లను బస్సెక్కిచ్చేది. మొక్కంటే ఏ మొగడు అడ్డం జెప్తడు? వేములవాడల బస్సాగేది, వీళ్లు దిగేటోళ్లు కాదు. సీదా పట్నం, పరీక్ష. మర్లి వచ్చేటప్పుడు దిగి దండం పెట్టి లడ్డూలు కొనేటోళ్లు.

ఎవలన్న ముడుసుకుంటే, "గడ్డకు లేని సిగ్గు నీకెందుకే?" అనేది. బస్సుల ఏడిస్తే, "కిటికీ కాడ కూసో, గాలికి ఆరుతయి" అనేది.

ఒకపారి వాళ్లు బస్సు దిగంగనే అడిగిన, "కోడె ఏ రంగుది?"

"తెల్లది" అన్నది నా ఇంటామె.

"నల్లది" అన్నది పక్కింటామె.

వదినె పక్కున నవ్వింది. "తోక గూడ అడుగు మరిదీ!"

నేను గరమైన. "దేవుని పేరు మీద అబద్ధమా?"

"రాజన్నకు అంతా ఎర్కే, నీకే ఎర్కలేదు. నీ పెండ్లానికి గడ్డ ఉన్నది, శెనగ గింజంత. ఇప్పుడే తీస్తే బతుకుతది. ఈపారి మొక్కు నీది, కట్టుకో."

తీసిన్రు. నా ఇంటామె ఇప్పటికీ పొద్దు లేస్తే నా మీద ఒర్లుతనే ఉన్నది. ఆ ఒర్లుడు ఇంటుంటే పానం సల్లగుంటది.

ఇప్పుడు మా చిన్నకోడలు చంకల ఏదో గడ్డ లెక్క చేతికి తలుగుతున్నదంటున్నది. కొడుకు దుబాయిల ఉన్నడు. రేపు నేనే తోల్కపోత. మొక్కని చెప్పను, పట్నమనే చెప్త. మరి తోల్కపోయే ముసలోడు లేని ఇండ్ల సంగతేంది?

వచ్చే నెల వదినె మాసికం. గా దినం లోపట, పరీక్ష జేసేటోళ్లు మా ఊరికి ఎప్పుడొస్తరో చెప్పాలె, సారూ. చెప్పకుంటే మాసికం బంతి ఇంట్ల పెట్టం. ఆమె బతికిచ్చిన ఆడోళ్లంతా మీ ఆఫీసు మెట్ల మీద విస్తర్లు ఏసుకోని, నవ్వుకుంట తింటరు. వడ్డించేది నేనే.