ప్రశ్నలు లేని సాయంత్రం

నా చిన్నప్పటి ఇల్లు తలుచుకుంటే గోడలకన్నా ముందు వాసన గుర్తొస్తుంది. ఖర్జూరం పూత ఉడుకుతున్న వాసన. తడిసిన గోనెసంచి వాసనలా మొదలై, కాసేపటికి తేనెలా మారి, ఆఖరికి ఏ పేరూ పెట్టలేనంత తేలికైపోయేది. బహ్రెయిన్‌లో, మనామా దాటాక, ఒక అరబ్బు కుటుంబానికి తాతల నాటి ఖర్జూరపు తోట ఉండేది. మా నాన్న అక్కడ తోటపని చేసేవాడు. మా అమ్మ వాళ్ళింట్లో వంట చేసేది. తోట చివర రెండు గదుల్లో మా కాపురం.

ఆ కుటుంబం పూతనీళ్ళు తీసి అమ్మేది. చలి తగ్గుతున్న రోజుల్లో మగ ఖర్జూరం చెట్లు పూతకొస్తాయి. ఆ పూతని కప్పి ఉండే దొప్పల్ని నరికి, రాగి బానల్లో నీళ్ళు పోసి కాచేవారు. ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి చల్లబడి, బొట్టుబొట్టుగా సీసాలోకి దిగేది. కడుపునొప్పికీ, టీలోకీ, వచ్చిన చుట్టాల చేతుల మీద చిలకరించడానికీ అక్కడ ఆ నీళ్ళు వాడతారు. మేం కొత్తగా వెళ్ళినప్పుడు ఆ బానలూ గొట్టాలూ చూసి అమ్మ హడలిపోయిందట. "ఏవండీ, ఇది సారా బట్టీలా ఉందేంటండీ? మనకెందుకొచ్చిన గొడవ, వెళ్ళిపోదాం" అందట. నాన్న ఒక చుక్క ఆమె అరచేతిలో వేసి వాసన చూడమన్నాడు. ఆ తర్వాత వెళ్ళిపోదామన్న మాట అమ్మ నోట రాలేదు.

ఆ ఇంటికి పెద్ద ఒక ముసలావిడ. మేమందరం ఆమెను మామా కబీరా అనేవాళ్ళం, పెద్దమ్మగారు అన్నట్టు. ఆమె కొడుకుని బాబా అని పిలిచేవాళ్ళం. బాబాకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు నాకన్నా ఏడాది పెద్ద. పిల్లాడికి ఇంకా పాలపళ్ళే. వాళ్ళతో ఆడుకుంటూనే నేను అరబ్బీ నేర్చుకున్నాను. అందుకేనేమో, ఆ ఇంట్లో విన్న మాటలు ఏ భాషలో విన్నానో మరిచిపోయాను. ఇప్పుడన్నీ తెలుగులోనే వినిపిస్తాయి.

ఆ ఏడాది బాబా ఒక పెద్ద పని తలపెట్టాడు. అత్తరు వ్యాపారులందరూ చేరే ఎగ్జిబిషన్ ఒకటి ఫ్రాన్సులో జరుగుతుందని విని, మన నీళ్ళు కూడా అక్కడ పెడదామన్నాడు. సన్నటి మెడ, బంగారు రంగు మూత ఉన్న కొత్త సీసాలు తెప్పించాడు. పిల్లలం కూర్చుని వాటికి రిబ్బన్లు కట్టాం. బాబా, ఆయన భార్య ప్రయాణమయ్యే రోజు ఆయన నన్ను పిలిచి, పడుకోబెడితే కళ్ళు మూసుకునే బొమ్మ తెస్తానని మాటిచ్చాడు. ఆ రోజు నుంచి నా పక్కలో బొమ్మకి చోటు వదిలి పడుకునేదాన్ని.

మా గదిలో మాత్రం వేరే మాటలు నడిచేవి. ఇళ్ళు కట్టే ఆసామి ఒకడు ఎన్నాళ్ళుగానో ఆ తోట అడుగుతున్నాడు. ఎగ్జిబిషన్‌లో బేరాలు కుదరకపోతే బాబా ఇక తోట ఇచ్చేస్తాడని నాన్న చెవిన పడింది. "తోట పోతే మనవూ పోవాల్సిందేనే" అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. పోవడమంటే ఊరికి. ఊరంటే నాకు ఫొటోలో చూసిన కాలవగట్టు, దాని మీద నిలబడ్డ ఎవరెవరో మనుషులు.

వాళ్ళు తిరిగొచ్చే రోజు పొద్దున, దారిలో విమానం మారే ఊరి నుంచి ఫోనొచ్చింది. మామా కబీరా చాలాసేపు విన్నది. ఆఖరికి "ఖలాస్, అయిపోయిందిగా. యల్లా, బయల్దేరి ఇంటికి రండి" అని మాత్రం అని పెట్టేసింది. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, చెట్ల మొదళ్ళకి పారుతున్న నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత మా ముగ్గురు పిల్లల్నీ, మా అమ్మానాన్నల్నీ పిలిచి ఒక ఆట ఆడదామంది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ ప్రశ్న వేయకూడదు. ఏమైనా చెప్పుకోవచ్చు, అడగడం మాత్రం లేదు. ముందు అడిగినవాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు మర్నాడు గాడిదకి స్నానం చేయించాలి. తోటలో బండి లాగే ఆ తెల్లగాడిదకి కరిచే అలవాటుంది. అందుకని పిల్లలం ఆ ఆటని చాలా గట్టిగా పట్టించుకున్నాం. మధ్యాహ్నమంతా చెట్ల నీడల్లో తిరుగుతూ ఒకరి చేత ఒకరు అడిగించాలని చూశాం. అడగకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నోరు తెరిస్తే చాలు, ఏంటి, ఎందుకు, ఎక్కడ అన్నవే ముందు బయటికొస్తాయి. నాకు అన్నిటికన్నా ముందున్న ప్రశ్న బొమ్మ గురించి.

పొద్దు వాలుతుండగా వాళ్ళొచ్చారు. ఆ వేళప్పుడు సముద్రం మీంచి పల్చటి మంచు లాంటిది లేచి తోటలోకి వచ్చేది. చెట్ల నడుములు కనిపించేవి కావు, తలలు మాత్రం గాలిలో తేలుతున్నట్టు ఉండేవి. ఆ తెల్లదనంలోంచి పికప్ వచ్చి ఆగింది. వెనకాల పెట్టెలన్నీ వెళ్ళినవి వెళ్ళినట్టే ఉన్నాయి. పలకల సందుల్లోంచి మేం కట్టిన రిబ్బన్లు కనిపిస్తున్నాయి. దారిలో ఎక్కడో ఒక సీసా పగిలినట్టుంది, బండి చుట్టూ వాసన కమ్ముకుంది.

బాబా దిగి మా వైపు చూశాడు. దెబ్బ పడబోతుంటే భుజాలు బిగించుకుంటామే, అలా నిలబడ్డాడు. ఆయన భార్య కళ్ళు దించుకుని ఉంది. పిల్లాడు పరుగెత్తుకెళ్ళి తండ్రి కాళ్ళు పట్టుకుని, ఏదో అడగబోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మా అమ్మ పెదవులు కదిలాయి. మింగేసి, వేణ్ణీళ్ళు తోడి పెట్టానని చెప్పింది. నాన్న పెట్టెలు దించసాగాడు. మామా కబీరా కొడుకు తల నిమిరి, చేప వేడిగా ఉందంది.

వీళ్ళకేమైంది అని బాబానే అడిగాడు. ఆయనకి ఆట చెప్పలేదు కాబట్టి అది లెక్కలోకి రాదని పిల్లలం కళ్ళతోనే తీర్మానించుకున్నాం.

అరుగు మీద చాప పరిచి, ఖర్జూరపు పాకం పోసి వండిన తియ్యన్నం, వేయించిన చేప పెట్టారు. ఆ రోజు మమ్మల్ని కూడా అదే చాప మీద కూర్చోబెట్టింది మామా కబీరా. అందరం ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాం. పిల్లి పిల్లల్ని పెట్టిందని బాబా కూతురు చెప్పింది. మా నాన్న చెట్టు మీంచి జారాడనీ, దెబ్బ తగల్లేదనీ నేను చెప్పాను. బావి పక్క చెట్టు ఈసారి తొందరగా పూతకొచ్చిందని మామా కబీరా అంది. ఒకరి మాటకి ఇంకొకరు బదులివ్వనక్కర్లేదు. ఒక్కో మాట బానలోంచి ఆవిరి లేచినట్టు లేచి, కాసేపు మా మధ్య నిలిచి, చెట్లలోకి వెళ్ళిపోయేది. నాకు కల కంటున్నట్టే ఉంది. బాబా వింటూ తింటున్నాడు. ఆయన భుజాలు ఎప్పుడు వదులయ్యాయో నేను చూడలేదు.

తర్వాత ఆయనే మొదలుపెట్టాడు, ఎవరి వైపూ చూడకుండా.

"మూత తీసి వాసన చూసేవాళ్ళు. మర్యాదగా నవ్వి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకాయన మట్టి వాసన అన్నాడు. గులాబీ కలిపితే చూద్దామన్నాడు ఇంకొకాయన. ఆఖరి రోజు నేనే మన సీసా తెరిచి వాసన చూసుకున్నాను. ఇల్లు గుర్తొచ్చింది. మూత పెట్టేశాను."

విమానంలో వస్తూ తోట ఇచ్చేద్దామని అనుకున్నానన్నాడు. మా నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. మామా కబీరా గరిటె తీసుకుని, కొడుకు వైపు వంగింది.

"ఇంకొంచెం అన్నం పెట్టనా?" అంది.

పిల్లలం ముగ్గురం ఒక్కసారి లేచాం. మామా కబీరా ఓడిపోయింది, మామా కబీరా ఓడిపోయింది అని అరుగు చుట్టూ గెంతాం. బాబాకి అప్పుడు ఆట సంగతి చెప్పారు. ఆయన తల్లి వైపు చాలాసేపు చూశాడు. నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కంచం ముందుకి జరిపాడు.

మర్నాడు మామా కబీరా పొడుగు గౌను అంచు పైకి దోపుకుని నిజంగానే గాడిదకి స్నానం చేయించింది. బాబా తోట ఇవ్వలేదు. ఆ పెట్టెల్లో సీసాలు సూక్ బజారులోని పాత దుకాణానికే వెళ్ళి, పండగలకి నెమ్మదిగా అమ్ముడుపోయాయి. ఆ ముసలావిడ ఉన్నంత కాలం తోట ఉంది, మేమూ ఉన్నాం. ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి. బొమ్మ సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తు రాలేదు. నేనూ అడగలేదు.

ఫోన్‌లోనే మామా కబీరాకి అంతా తెలిసిపోయిందని అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది. "మనూళ్ళో అయితే గుమ్మంలోనే అడుగుతారే, ఏం తెచ్చావని. పాపం, చెప్పులు కూడా విప్పనివ్వరు" అంది.

నేను పెళ్ళి చేసుకుని ఈ దేశంలోనే ఉండిపోయాను. సల్మాబాద్‌లో గ్యారేజీలో పనిచేసే మా ఆయన ఒకరోజు పట్టపగలు ఇంటికొచ్చాడు. చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. ఏమైందన్న మాట నా గొంతు దాకా వచ్చింది. పెట్టె అందుకుని, పప్పుచారు కాగుతోందన్నాను. రెండోసారి అన్నం కలుపుకుంటున్నప్పుడు ఆయనే చెప్పాడు, పని పోయిందని.

ఇన్నేళ్ళయినా అడక్కుండా ఉండటం నాకు తేలిక కాలేదు. గుమ్మంలో ఎవరి మొహమైనా వాడిపోయి కనిపిస్తే ఆ మాట ఇప్పటికీ నాలుక చివరికి వస్తుంది. ఆపుకుని లోపలికి రమ్మంటాను, కూర్చోబెడతాను. చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు. కొందరు తిని, చెయ్యి కడుక్కుని, ఏమీ చెప్పకుండానే లేచి వెళ్ళిపోతారు. వాళ్ళకీ ఆకలి తీరుతుంది కదా అనుకుంటాను.